మీ బుగాటి ఏ రోజు కారో ముందు తేల్చుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ఇప్పటిదాకా మూడు ఆధునిక ఫార్ములా వన్ రేసు కార్ల ప్లాస్టిక్ మోడల్ కిట్లు చేశారు. ఇప్పుడు మోనోగ్రామ్ కంపెనీ వారి పాత 1:24 (అసలు కారులో ఇరవై నాలుగో వంతు) బుగాటి 35బి కిట్ చేతికొచ్చింది. దాన్ని 1924లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో తొలిసారి రేసులోకి దిగిన బుగాటిగా, ఫ్రాన్స్ వారి నీలంలో, అద్దంలా మెరిసేట్టు చేయాలని ఉంది. అది పూర్తయ్యాక 1914 మెర్సిడెస్ గ్రాండ్ ప్రీ కారు చేయాలని, దాని తీగ పుల్లల (సైకిలు చక్రాల్లాంటి) చక్రాలు ఎలా చేస్తారో చెప్పమని అడిగారు.

నేను పద్దెనిమిదేళ్లుగా 1930కి ముందరి రేసు కార్లే చేస్తున్నాను. ఇక్కడ చెప్పేదంతా చేతులతో చేసి నేర్చుకున్నదే. కాస్త పొడుగ్గా ఉంటుంది, తీరిగ్గా చదవండి.

కిట్ విప్పే ముందు ఒక నిర్ణయం తీసుకోవాలి. మీరు చేయబోయేది ఏ రేసులో, ఏ తారీఖున, ఎవరు నడిపిన కారు? ఆధునిక కార్లయినా రేసు రేసుకూ మారతాయి. కానీ ఈ పాత కార్లు మారినంతగా మారవు. రంగు, నంబరు, పెట్రోలు ట్యాంకు, స్పేరు చక్రం కట్టిన చోటు, చివరికి బ్రేకులు కూడా మారిపోయేవి. 1914 మెర్సిడెస్‌నే చూడండి. ఆ ఏడాది జులై 4న లియోన్‌లో లాటెన్‌ష్లాగర్, వాగ్నర్, సాల్జర్ వరుసగా మొదటి మూడు స్థానాలు కొట్టారు. అప్పట్లో రేసుల్లో దేశానికో రంగు; జర్మనీ కార్లు గనక తెల్లరంగు. ఎనిమిదేళ్లకు 1922లో ఇటలీ కౌంట్ జూలియో మాసెట్టి అదే రకం కారును ఎరుపు రంగు వేయించుకుని సిసిలీలో టార్గా ఫ్లోరియో గెలిచాడు. రెండూ 1914 మెర్సిడెస్‌లే. తెల్ల కారు ఫొటో చూసి సగం, ఎర్ర కారు ఫొటో చూసి సగం చేస్తే ఏ రోజునా ఈ లోకంలో లేని కారు తయారవుతుంది.

ఆ తప్పు నేను చేశాను. నా మొదటి 1914 మెర్సిడెస్‌కు ముందు చక్రాల బ్రేకు డ్రమ్ములు ఇత్తడి కడ్డీ నుంచి కోసి, రాసి, నునుపు చేసి బిగించడానికి మూడు వారాలు పట్టింది. తర్వాత తెలిసింది, ఆ రోజు లియోన్‌లో మెర్సిడెస్‌లకు వెనక చక్రాలకే బ్రేకులు. నాలుగు చక్రాలకూ బ్రేకులతో వచ్చినవి ప్యూజో, డెలాజ్, ఫియట్ లాంటివి. నేను ముందు పెట్టుకున్నది ఆ తర్వాతి కాలంలో బ్రేకులు తగిలించిన కారు ఫొటో. మొత్తం ముందు ఇరుసు విప్పి మళ్లీ కట్టాల్సి వచ్చింది.

ఇప్పుడు మీ బుగాటి సంగతి. 35బి కిట్‌ను 1924 లియోన్ కారుగా మార్చవద్దనే నా సలహా. 1924 ఆగస్టు 3న లియోన్‌లో దిగింది మామూలు టైప్ 35. 1,991 సీసీ, వరుసగా ఎనిమిది సిలిండర్లు, సూపర్‌ఛార్జర్ లేదు. 35బి ఆ తర్వాతది. 2,262 సీసీ ఇంజను, దాని పక్కన గాలిని నొక్కి పంపే రూట్స్ రకం సూపర్‌ఛార్జర్. పైకి ఒకేలా ఉన్నా తేడాలు చాలా. సూపర్‌ఛార్జర్ ఉన్న కారుకు రేడియేటర్ పెద్దది. బానెట్ పక్కన ఒత్తిడి వదిలే వాల్వు కోసం గుండ్రటి రంధ్రం ఉంటుంది. లియోన్ కార్ల టైర్లు 710×90 కొలతవి, చూడగానే సన్నగా కనిపిస్తాయి. 35బి కొచ్చేసరికి టైర్లు లావెక్కాయి. అంటే రేడియేటర్, బానెట్, నాలుగు చక్రాలు, నాలుగు టైర్లు మార్చాలి. ఇక కిట్‌లో మిగిలేది తోక, సీటు. దానికన్నా కిట్ ఏ కారో ఆ కారునే చేయండి.

ఏ రోజు అంటారా? 1929 ఏప్రిల్ 14, ఆదివారం. మొట్టమొదటి మొనాకో గ్రాండ్ ప్రీ. వంద చుట్లు, 3 గంటల 56 నిమిషాల చిల్లర. గెలిచింది 35బి మీద ‘విలియమ్స్’ పేరుతో పోటీ చేసిన విలియమ్ గ్రోవర్-విలియమ్స్. నంబరు 12. కారు ఆకుపచ్చ! ఫ్రాన్స్‌లో తయారైన బుగాటి అయినా నడిపినవాడు ఇంగ్లీషువాడు గనక ఇంగ్లండు రంగు. ఏడు లీటర్ల తెల్లటి మెర్సిడెస్ ఎస్‌ఎస్‌కెతో వచ్చిన కారాచ్చియోలా మూడో స్థానంలో ఆగాడు. నీలం బుగాటి మోడళ్లు లోకం నిండా ఉన్నాయి. ఈ ఆకుపచ్చ కారు మీ అల్మరాలో నిలబడితే దాని వెనక ఒక మధ్యాహ్నం, ఒక మనిషి ఉంటారు. ఆ రేసు ఫొటోలు కూడా బోలెడు దొరుకుతాయి, అది ఇంకా పెద్ద లాభం.

ఫొటోల గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. ఆ రోజుల్లో చాలా ఫొటోలు తీసిన గాజు పలకలకు ఎరుపు దాదాపు కనపడేది కాదు. నీలం మాత్రం ఉన్నదానికంటే ఎక్కువగా పడేది. అందుకని ఆ ఫొటోల్లో ఇటలీ ఎర్ర కారు నల్లగా, ఫ్రాన్స్ నీలం కారు బూడిద తెలుపులో కనిపిస్తాయి. ‘ఫొటోలో ఇంత లేతగా ఉంది, తెల్ల కారే అయ్యుంటుంది’ అని తీర్మానించేవాళ్లను చాలామందిని చూశాను. 1920ల చివరికి అన్ని రంగులనూ పట్టే పాన్‌క్రొమాటిక్ పలకలు కూడా వాడుకలోకి వచ్చాయి గనక ఒకే రేసు ఫొటోలు రెండింటిలో ఒకే కారు రెండు రకాలుగా కనిపించవచ్చు. నలుపు తెలుపు ఫొటో నుంచి రంగు ఊహించకండి. రంగు కోసం అప్పటి పత్రికల రాతలు చూడండి. ఫొటోను ఆకారానికి, కొలతలకు, మురికికి వాడుకోండి.

ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వారి గాలికా వెబ్‌సైట్‌లో ఏజెన్స్ రోల్ అనే పాత వార్తాఫొటోల సంస్థ గాజు పలకలు వేల సంఖ్యలో ఉచితంగా ఉన్నాయి. రేసు పేరు, ఏడాది ఫ్రెంచిలో కొట్టి వెతకండి. పెద్దగా చేసి చూస్తే బానెట్ మీద గాలి చీలికలు లెక్కపెట్టగలిగినంత స్పష్టంగా ఉంటాయి. కాగితం మీద ప్రింటు తీసి, స్కేలు పెట్టి కొలవండి. ఫ్రాన్స్‌లోని మ్యూలూజ్ కార్ల మ్యూజియంలోని బుగాటిల రంగు ఫొటోలు కూడా పనికొస్తాయి, కానీ ఒక జాగ్రత్తతో. మ్యూజియం కార్లను తుడిచి, పాలిష్ పెట్టి, ఒక్కోసారి కొత్త టైర్లు వేసి నిలబెడతారు. లోపలి అమరిక తెలుసుకోవడానికి మ్యూజియం కారు, పైరూపానికి ఆ రోజు ఫొటో.

ఇక పని మొదలుపెడదాం. ఆధునిక ఫార్ములా వన్ కిట్‌లో బాడీ ఒక తొడుగు. మూత వేశాక లోపలి లోపాలు లోపలే ఉంటాయి. ఈ కార్లకు ఆ సౌకర్యం లేదు. ముందు ఇరుసు, కమాన్ కట్టలు, బ్రేకు తీగలు అన్నీ చూసేవాళ్ల కళ్ల ముందే ఉంటాయి. గేరు రాడ్డు, చేతి బ్రేకు కూడా కుడివైపు బాడీ బయటే. అందుకని ఛాసీతో మొదలుపెట్టి, చక్రాల మీద నిలబెట్టి, ఆ నిలుచున్న తీరు నచ్చాకే బాడీ జోలికి వెళ్లాలి.

టైప్ 35 వీల్‌బేస్, అంటే ముందు వెనక ఇరుసుల నడిమి దూరం, 2,400 మి.మీ., ముందు రెండు చక్రాల నడిమి దూరం 1,200 మి.మీ. ఇరవై నాలుగుతో భాగించండి: సరిగ్గా 100, 50. ఇంత చక్కటి లెక్క ఇంకే కారుకూ రాలేదు నాకు. స్టీలు స్కేలు పక్కన పెట్టుకుని ఇరుసు మధ్య నుంచి ఇరుసు మధ్యకు 100 మి.మీ. వస్తోందా, ముందు టైర్ల మధ్య గీత నుంచి మధ్య గీతకు 50 వస్తోందా చూడండి. రెండు మి.మీ. తేడా అంటే అసలు కారులో అయిదు సెంటీమీటర్ల తేడా.

తర్వాత ముందు చక్రాలను ఎదురుగా నిలబడి చూడండి. అసలు బుగాటిలో అవి నిటారుగా ఉండవు. పైన బయటికి, కింద లోపలికి వాలి ఉంటాయి. కాళ్లు దగ్గర పెట్టి భుజాలు విప్పి నిలబడ్డ మనిషిలా ఉంటుంది ఆ కారు. నేను చూసిన మోడళ్లలో చాలావాటికి ఇది తప్పిపోతుంది. ఎంత నునుపుగా రంగు వేసినా ఆ కారు బుగాటిలా అనిపించదు, ఎందుకో చూసేవాళ్లకు తెలియదు. ఇరుసు చివర్లను సన్నగా రాసి, రెండు మూడు డిగ్రీల వాలు ఇవ్వండి.

ఆ ముందు ఇరుసు టైప్ 35లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. లోపల డొల్ల. కమాన్ కట్టలు దాని కింద వేలాడవు, పైన కూర్చోవు. ఇరుసులో చేసిన చదరపు కన్నాల్లోంచి దూరి వెళతాయి. అద్దంలా పాలిష్ చేసిన ఉక్కు అది. కిట్ ఇరుసుకు అచ్చు గీతలు ఉంటే పూర్తిగా తీసేయండి. ముందు 600, తర్వాత 1000, చివర 2000 నంబరు నీళ్ల కాగితం (తడిపి రాసే ఉప్పు కాగితం). తర్వాత నిగనిగలాడే నలుపు వేసి, బాగా ఆరాక ఉక్కు రంగును పల్చటి పొగలా కొట్టండి. ఈ కారు మొత్తంలో గట్టిగా మెరవాల్సింది ఇదొక్కటే అంటాను.

మిగతా మెరుపుల్లో క్రోమ్‌కు చోటు లేదు. క్రోమ్ పూత కార్ల మీదికి విరివిగా వచ్చింది 1920ల ఆఖరులో. అంతకు ముందు ఇత్తడి, దాని తర్వాత నికెల్. గుర్రపు నాడా ఆకారంలో ఉండే బుగాటి రేడియేటర్ చుట్టూ ఉన్నది నికెల్ మెరుపే. క్రోమ్‌లో నీలి ఛాయ ఉంటుంది, నికెల్‌లో లేత పసుపు వెచ్చదనం. మీ ఇంట్లో పూజ గదిలో పాతబడ్డ జర్మన్ సిల్వర్ కుంకుమ భరిణె ఉంటే తెచ్చి వెలుగులో పెట్టి చూడండి, ఆ రంగే కావాలి. కిట్‌లో క్రోమ్ పూత వేసిన భాగాలు ఉంటే బట్టలకు వాడే ద్రవం బ్లీచ్‌లో నానబెట్టండి, పూత ఊడిపోతుంది. బాగా కడగండి. ఆ బ్లీచ్‌లో టాయిలెట్ క్లీనర్ లాంటి యాసిడ్ పొరపాటున కూడా కలపకండి, విషవాయువు వస్తుంది. తర్వాత నిగనిగ నలుపు, దాని మీద వెండి, ఆ పైన ఒక చుక్క పసుపు గోధుమ కలిపిన పల్చటి క్లియర్ (రంగు లేని వార్నిష్).

మీరు మొదటి పాత కారుగా బుగాటిని ఎంచుకోవడం మంచిదైంది. అందుకు కారణం చక్రాలు. ఆ కాలపు రేసు కార్లలో చాలావాటికి తీగ పుల్లల చక్రాలు. టైప్ 35కి మాత్రం అల్యూమినియంతో పోత పోసిన చక్రం, ఎనిమిది వెడల్పాటి చదును పుల్లలు, బ్రేకు డ్రమ్ము కూడా చక్రంతోనే కలిపి పోసింది. మోడల్ చేసేవాళ్లకు ఇది వరం. అచ్చు సరిగ్గా ఉంటే చాలు. చేయాల్సిందల్లా రంగు. పోత అల్యూమినియం మెరవదు, బూడిద ఛాయలో ఉంటుంది. మెరుపు లేని అల్యూమినియం రంగు వేసి, పుల్లల మొదళ్లలో ముదురు గోధుమ ఆయిల్ పెయింటు బాగా పల్చన చేసి పారించండి. ఆరాక మెత్తటి పెన్సిలు పొడి వేలికొసకు అద్దుకుని రిమ్ము అంచు మీద మాత్రం ఒకసారి రుద్దండి. లోహం బయటపడ్డట్టు ఉంటుంది.

ఇప్పుడు బాడీ. కిట్ ప్లాస్టిక్ మందం ఒక మి.మీ. అనుకుందాం. అంటే అసలు కారులో 24 మి.మీ. మందం! అసలు బాడీ ఒక మి.మీ. పైచిలుకు అల్యూమినియం రేకు. మొత్తం పల్చన చేయడం కుదరదు, అక్కర్లేదు కూడా. రేకు అంచు కంటికి కనిపించే చోట్లు చాలు. కాక్‌పిట్ చుట్టూ, బానెట్ కింది అంచు, బాడీ పక్క అంచులు. మెడికల్ షాపులో దొరికే సర్జికల్ బ్లేడును పడుకోబెట్టి లోపలివైపు నుంచి చెక్కుతూ పోండి. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అంచు దగ్గర ప్లాస్టిక్ కాస్త పారదర్శకంగా కనిపించాలి, అక్కడ ఆపండి. గంట పని. పెయింటుకు పెట్టే పది గంటలకన్నా ఈ గంట వల్ల మోడల్ ఎక్కువ బాగుపడుతుంది.

డ్యాష్‌బోర్డు దగ్గర ఇంకో చిన్న పని ఉంది, దీనికి మాత్రం ఒక ఆదివారం కేటాయించండి. బుగాటి డ్యాష్‌బోర్డు అల్యూమినియం పలక మీద చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కిన చిన్న చిన్న గుండ్రటి గీతలు ఉంటాయి. ప్రింటు చేసిన స్టిక్కర్లతో ఆ వెలుగు రాదు, ఎందుకంటే కదిలిస్తే వెలుగు తిరగాలి. కూల్‌డ్రింక్ డబ్బా రేకు ముక్కను కిట్ భాగం ఆకారంలో కత్తిరించి, చెక్క పలక మీద రెండు వైపుల టేపుతో అంటించండి. పళ్లు కుట్టుకునే చెక్క పుల్ల కొసను ఒక మి.మీ. వెడల్పుండేట్టు కోసి చేతి మోటారుకు బిగించండి. రేకు మీద ఇత్తడి సామాన్లు తోమే పాలిష్ ఒక చుక్క. మోటారు మెల్లగా తిప్పుతూ పుల్లను నిటారుగా ఒక క్షణం ఆనించి తీయండి, చిన్న గుండ్రం పడుతుంది. సగం గుండ్రం మీద ఎక్కేట్టు పక్కన ఇంకోటి. వరుస అయ్యాక కింద వరుస. పుల్ల కొస అరిగి బూజులా అవుతుంటుంది, పది గుండ్రాలకోసారి కోయండి. మొదటి మూడు రేకులు పారేయాల్సి వస్తుంది, నాలుగోది బాగుంటుంది. ఇంకోటి మరిచిపోకండి, మాగ్నెటో (ఇంజనుకు నిప్పురవ్వ పుట్టించే యంత్రం) వెనక భాగం ఆ డ్యాష్‌బోర్డులోంచి పొడుచుకుని వచ్చి డ్రైవరు ముందు కనిపిస్తుంది.

బానెట్ మీద తోలు పట్టీకి నిజం తోలు వాడకండి, ఎంత పల్చనిదైనా ఈ స్కేలుకు దుప్పటిలా ఉంటుంది. టిష్యూ కాగితాన్ని నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో ముంచి, ఆరాక రెండు మి.మీ. పట్టీ కోసి గోధుమ రంగు వేయండి. బకిల్ సన్న తీగతో.

రంగు విషయంలో మీరు ‘అద్దంలా’ అన్నారు. అక్కడ మాత్రం ఒప్పుకోలేను. డ్యూకో లాంటి నైట్రోసెల్యులోజ్ రంగులు 1923 నుంచి మొదలై నెమ్మదిగా వాడుకలోకి వచ్చాయి. వాటి మెరుపు ఇప్పటి కారు షోరూముల మెరుపు కాదు. రేసు కారు పని చేసే యంత్రం. చేత్తో కొట్టిన రేకు మీద వేసిన రంగు. పూర్తిగా నిగనిగలాడే క్లియర్ కోటు వేస్తే బొమ్మల షాపు కారులా అయిపోతుంది. పట్టులా ఉండే సగం మెరుపు చాలు. ఇక ఏ ఆకుపచ్చ అంటే, ఇంగ్లండు రేసింగ్ పచ్చకు అప్పుడు ఒకే ప్రమాణం లేదు. మధ్యస్థమైన ఆకుపచ్చ తీసుకుని, చిన్న వస్తువు మీద రంగులు ముదురుగా కనిపిస్తాయి గనక కాస్త లేత చేయండి. దీనితో ఏకీభవించనివాళ్లూ ఉన్నారు, నా కంటికి మాత్రం ఇదే సరిపోతుంది.

మోడలింగ్ రంగులు తెప్పించుకోవడం కష్టమైతే కార్ల రంగులు కలిపే షాపుకు వెళ్లండి. నేను విజయవాడ ఆటోనగర్‌లో కలిపించుకుంటాను. నమూనా చూపిస్తే వంద మి.లీ. కూడా కలిపిస్తారు. ఆ థిన్నర్ ప్లాస్టిక్‌ను తినేస్తుంది, కనుక ముందు ప్రైమర్ రెండు పల్చటి పొరలు వేసి, కిట్ భాగాలు అతుక్కుని ఉండే ప్లాస్టిక్ కడ్డీ మీద పరీక్ష చేయండి. హార్డెనర్ కలిపే రకం అయితే మామూలు గుడ్డ మాస్కు పనికిరాదు. రంగుల పనికి వాడే ఫిల్టరు మాస్కు పెట్టుకోండి. ఇంట్లో పిల్లలుంటే ఆ రకం అసలు వద్దు. ఇంకోటి, మన దగ్గర వానాకాలంలో లాకర్ రంగు కొడితే గాలిలో తేమ పట్టి రంగు మీద పాలపొర కమ్ముతుంది. ఒక ఆగస్టులో నా ఫియట్ బాడీ ఎరుపు కాస్తా రాత్రికి రాత్రి గులాబీ పొగలా తేలింది. ఆరాక పల్చటి థిన్నర్ పొగ కొడితే చాలావరకు సర్దుకుంది గానీ, అప్పట్నుంచి వాన వెలిసి రెండు రోజులు ఎండ కాశాకే స్ప్రే గన్ను పట్టుకుంటున్నాను.

మురికి ఎంత వేయాలి? ఇక్కడ కూడా ఆ రోజే చెబుతుంది. 1914 లియోన్ అయితే తారు లేని పల్లె రోడ్లు, 752 కిలోమీటర్లు. కారు మొత్తం లేత దుమ్ము కప్పేయాలి. మొనాకో ఊరి వీధులు. దుమ్ము తక్కువ, నూనె ఎక్కువ. ఆ నూనె ఏమిటో మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు, ఆముదం. వేడికి పల్చబడకుండా ఉంటుందని అప్పటి రేసు ఇంజన్లలో ఆముదం నూనెలు పోసేవాళ్లు. ఆముదం సీసా మూత చుట్టూ పేరుకున్న జిగురు చూసే ఉంటారు. పసుపు గోధుమ రంగు, దుమ్ము పట్టి నల్లబడుతుంది. బానెట్ గాలి చీలికల వెనక నుంచి తోకవైపు సాగిన సన్నటి చారలు, గేరు పెట్టె కింద కాస్త, ముందు ఇరుసు కీళ్ల దగ్గర కాస్త. పచ్చి గోధుమ ఆయిల్ పెయింటులో ఒక చుక్క మెరుపు క్లియర్ కలపండి, తడి తడిగా కనిపిస్తుంది. బ్రష్షును గాలి పోయే దిక్కుకే లాగాలి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, తీగ పుల్లల చక్రాలు. బుగాటి అయ్యాకే వీటి జోలికి వెళ్లండి. వాటికి ఓపిక వేరే రకం కావాలి.

అసలు పుల్ల మందం నాలుగు మి.మీ. లోపే ఉంటుంది. 1:24కి అది 0.17 మి.మీ. కిట్లలో పోత పోసిన ప్లాస్టిక్ పుల్లలు దీనికి మూడింతలు ఉంటాయి, అందుకే అవి ఎప్పుడూ బండి చక్రాల్లా కనిపిస్తాయి. మోటార్లు రివైండింగ్ చేసే షాపుకు వెళ్లి 38 గేజీ వైండింగ్ వైరు అడగండి. అది 0.15 మి.మీ. ప్రైమరూ రంగూ పడ్డాక సరిగ్గా సరిపోతుంది. 36 గేజీ 0.19, కాస్త లావు. వాళ్ల దగ్గర ముక్కలు ఊరికే పడి ఉంటాయి, కొద్దిగా అడిగితే డబ్బులు కూడా తీసుకోరు.

చుట్ట నుంచి తీసిన రాగి తీగ వంకర్లు పోతుంటుంది. దాన్ని చేతితో సరిచేయలేం. రెండు అడుగుల ముక్క తీసుకుని ఒక కొస వైస్‌లో బిగించండి. రెండో కొస పట్టకారుకు రెండు చుట్లు చుట్టి మెల్లగా లాగండి. ముందు తీగ బిగుస్తుంది, వీణ తీగలా మోగుతుంది. ఇంకొంచెం లాగితే ఒక్క క్షణం ఎదురు లేకుండా చేతిలోకి జారినట్టు అనిపిస్తుంది. అక్కడే ఆపేయాలి. వదిలేసి చూడండి, గీత గీసినట్టు నిటారుగా ఉంటుంది, కాస్త గట్టిపడుతుంది కూడా. ఇంకో అర అంగుళం లాగితే తెగిపోతుంది. నాలుగు ముక్కలు తెంపాక చేతికి తెలుస్తుంది.

అల్లిక కోసం ముందు ఫొటోలో పుల్లలు లెక్కపెట్టండి. ఈ చక్రాల్లో రెండు వరుసలు చూసుకోవాలి, రెండింటిలో సంఖ్య ఒకటే కాకపోవచ్చు. కొత్తవాళ్లు చేసే తప్పు, పుల్లలను మధ్య నుంచి సూర్యకిరణాల్లా నిటారుగా పెట్టడం. సైకిలు చక్రం దగ్గర కూర్చుని చూడండి. పుల్ల హబ్బు మధ్యకు పోదు, హబ్బు అంచును తాకుతూ పక్కకు పోతుంది. పక్కది ఎదురు దిక్కుకు. ఇంజను బలం తిప్పేటప్పుడు, బ్రేకు బలం ఆపేటప్పుడు పుల్ల లాగుడు మీదే ఉండాలి గనక అలా అల్లుతారు. రేసు కారు చక్రం కూడా అంతే. పైగా హబ్బు రిమ్ముతో సమానంగా ఉండదు, ముందుకు పొడుచుకొస్తుంది.

ప్లయ్‌వుడ్ ముక్క మీద కంప్యూటర్లో గీసిన వృత్తం అంటించి, పుల్లల సంఖ్యకు తగ్గట్టు గీతలు గీయండి. రిమ్ము కూర్చునే గుంట, హబ్బును సరైన ఎత్తులో నిలబెట్టే మేకు చేసుకోండి. కిట్ రిమ్ముకు గీతల ప్రకారం 0.3 మి.మీ. డ్రిల్లుతో కన్నాలు వేయండి. పుల్లను బయటి నుంచి రిమ్ము కన్నంలోకి దూర్చి, హబ్బు కన్నంలో కొస ఆనించి, సూది మొనతో పల్చటి సూపర్ గ్లూ చుక్క. ఒక దిక్కుకు వాలేవి అన్నీ ముందు, ఎదురు దిక్కువి తర్వాత. ఒక వరుస పూర్తయ్యాక రాత్రంతా వదిలేయండి. మర్నాడు తిరగేసి రెండో వరుస. రిమ్ము బయట మిగిలిన కొసలు కత్తిరించి అంచు రాసేస్తే టైరు కప్పేస్తుంది. చక్రానికి 60 పుల్లలనుకుంటే నాలుగు చక్రాలకు 240. రోజుకు ఒక్క వరుస మించి చేయకండి. కళ్లు అలిసిన తర్వాత పెట్టిన పుల్లలే మర్నాడు పీకాల్సి వస్తుంది.

1:24లో ఇది మరీ సన్నం అనిపిస్తే మధ్యలో ఒక మెట్టు ఉంది. ఇటలెరి వారి 1:12 ఫియట్ మెఫిస్టొఫెలె. 1908 నాటి ఫియట్ ఛాసీలో ఎర్నెస్ట్ ఎల్డ్రిజ్ 21.7 లీటర్ల విమానం ఇంజను దించి, 1924 జులైలో అర్పజాన్ రోడ్డు మీద రికార్డు కొట్టిన కారు. మొదటిసారి పరుగెత్తినప్పుడు దానికి రివర్స్ గేరు లేదని పోటీదారు రెనే థొమా అభ్యంతరం చెబితే, ఏర్పాటు చేసుకుని వచ్చి జులై 12న గంటకు 234.98 కిలోమీటర్లు కొట్టాడు. 1:12లో పుల్ల మందం 0.33 మి.మీ. అవుతుంది. 30 గేజీ వైరు 0.315, చక్కగా సరిపోతుంది, వేళ్లకూ పట్టు దొరుకుతుంది. గొలుసు డ్రైవు కూడా ఉంది, అది ఇంకో పాఠం. ఆ తర్వాత మెర్సిడెస్ చేస్తే చేతులు ఆగవు.

ఒకవేళ 1910కి ముందరి కార్ల వైపు వెళితే టైర్లకు నల్లరంగు వేయకండి. రబ్బరులో కార్బన్ బ్లాక్ (నల్లటి మసి పొడి) విరివిగా కలపడం ఆ తర్వాతి సంగతి. అంతకు ముందు టైర్లు లేత బూడిద, మాసిన తెలుపు. మిషలిన్ టైర్ల కంపెనీ బొమ్మ తెల్లగా ఎందుకుందో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

మీరు ఇప్పుడే చేయాల్సింది ఇది. ఛాసీ, రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు జిగురు లేకుండా టేపుతో నిలబెట్టండి. పక్కన స్టీలు స్కేలు పెట్టి ఒక ఫొటో పక్క నుంచి, ఒకటి సరిగ్గా ఎదురు నుంచి చక్రాల ఎత్తులో తీసి ఇక్కడ పెట్టండి. 100, 50 వస్తున్నాయో లేదో, ముందు చక్రాల వాలు సరిపోయిందో లేదో చూసి చెబుతాను. అప్పటిదాకా ముందు ఇరుసు అతికించకండి.